పార్కిన్ పరీక్ష, మా తమ్ముడి పెళ్లి

ఎడమ పాదం మొదటిసారి లోపలికి తిరిగినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బందరు నుంచి వెళ్తే గూడూరు దాటాక ఒక ఊళ్లో హైస్కూలు, అందులో నేను జీవశాస్త్రం టీచరుని. చివరి పీరియడ్ అయ్యాక బస్సు కోసం రోడ్డు దాకా నడుస్తుంటే బొటనవేలు దానంతట అదే పైకి లేచింది. తర్వాత పాదం మొత్తం, ఎవరో మడమ పట్టుకుని తిప్పినట్టు, పక్కకి ఒరిగిపోయింది. చెప్పు జారిపోయింది. కొత్త చెప్పులు కదా, అందుకేనేమో అనుకున్నాను. బస్సులో కూర్చున్న అరగంటకి సర్దుకుంది. బందరులో దిగి మామూలుగానే ఇంటికి నడిచి వెళ్లాను.

చెప్పులు మార్చాను. పాదం మాత్రం వారానికి రెండుసార్లు, తర్వాత రోజూ, మధ్యాహ్నం మూడింటికల్లా తిరగడం మొదలుపెట్టింది. పొద్దున్న నిద్ర లేవగానే ఏమీ ఉండేది కాదు. వంట చేసి, పాపని తయారు చేసి, బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కేదాన్ని. సాయంత్రానికి గోడ పట్టుకుని నడిచేదాన్ని. పొద్దుటి మనిషిని చూసినవాళ్లు సాయంత్రం మనిషిని నమ్మేవాళ్లు కాదు. సాయంత్రం మనిషిని నేను కూడా పూర్తిగా నమ్మలేదు.

బందరులో ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి ఎముకలన్నీ బాగున్నాయని బలానికి మాత్రలు రాశాడు. గుడివాడలో ఇంకొకాయన కాలికి పట్టీలు, బరువైన బూట్లు చేయించాడు. చీర కట్టుకుని ఆ బూట్లతో స్కూలుకి వెళ్తే పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు, పాపం. మూడో డాక్టరు నన్ను బయట కూర్చోమని, మా ఆయన్ని లోపలికి పిలిచి మెల్లగా అడిగాడట. "ఇంట్లో ఏమన్నా గొడవలున్నాయాండీ? అత్తగారితో గానీ..."

మా ఆయనది చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పని. గాజులకీ గొలుసులకీ పూత వేస్తాడు. మాటలు తక్కువ. బయటికొచ్చి, "మనం వేరే చోటికి వెళ్దాం" అన్నాడంతే. ఆ డాక్టరు ఏమడిగాడో నాకు రెండేళ్ల తర్వాత చెప్పాడు.

స్కూల్లో హెడ్‌మాస్టరుగారు ఒకరోజు స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నారు. "పొద్దున్న లేడిపిల్లలా వస్తారు, మధ్యాహ్నానికి కుంటుతారు. ఇదేం జబ్బండీ టీచరుగారూ? పీరియడ్లు చూసుకుని వస్తుందా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడుపొస్తుందని తెలుసు.

కాలు తర్వాత కుడి చెయ్యి. నల్లబల్ల మీద వాక్యం పెద్ద అక్షరాలతో మొదలయ్యేది, చివరికొచ్చేసరికి చీమల్లా తయారయ్యేది. వెనక బెంచీ ఆడపిల్లలు "టీచర్, కనపట్టంలేదు" అని అరిచేవాళ్లు. చెరిపి మళ్లీ రాసేదాన్ని. మళ్లీ చీమలే.

మా పుట్టిల్లు పెడన. నాన్న కలంకారీ అద్దకం పనివాడు. చెక్క అచ్చుని రంగులో ముంచి గుడ్డమీద ఒత్తడమే ఆయన జీవితం. ఆ అచ్చులు చెక్కేది మా తమ్ముడు. అమ్మ ఇంట్లోనే ఉండి వాళ్లిద్దరి పనికీ అన్నీ అమర్చేది. నా కాలు చూసినప్పటినుంచీ అమ్మకి ఒకటే మాట. నేను కడుపులో ఉండగా మా నాన్న పెరట్లో పామును కొట్టి చంపాడు, ఆ దోషమే ఇది అని. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి తీసుకెళ్తానని పట్టుబట్టింది. సైన్సు టీచరుని నేను. అయినా వెళ్లాను. అప్పటికి నాకోసం ఏదో ఒకటి చేయాలని నిజంగా తపన పడుతున్నది ఆవిడొక్కతే అనిపించింది.

గుళ్లో పాలు పోశాం. ప్రదక్షిణలు చేయాలి. మూడో ప్రదక్షిణకే నా పాదం తిరిగిపోయింది. అమ్మ నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, "నువ్వు కూర్చో, నీవి కూడా నేను చేస్తాను" అంది. ఆవిడకి అప్పటికే మోకాళ్ల నొప్పులు. నా లెక్క, ఆవిడ లెక్క కలిపి ఎండలో తిరుగుతూనే ఉంది. ప్రతి చుట్టుకీ నా ముందు నుంచి వెళ్తూ పాదం వంక చూసేది, దేవుడు ఈలోపే ఏమన్నా చేశాడేమో అన్నట్టు.

ఇలా ఐదేళ్లు గడిచాయి. మాకు దారి చూపించింది మా ఆయన ఫోను. ఒకరోజు పొద్దున ఆరింటికి నేను నీళ్ల బిందె మోసుకుంటూ వసారాలో నడవడం వీడియో తీశాడు. అదేరోజు సాయంత్రం అదే వసారాలో, అదే బిందె ఖాళీగా ఇచ్చి నడవమన్నాడు. నాకు కోపమొచ్చింది. "నన్ను సినిమా తీస్తున్నావా?" అన్నాను. "నేను చెప్తే నమ్మరు. చూస్తే నమ్ముతారు" అన్నాడు.

విజయవాడలో ఒక నరాల డాక్టరమ్మ ఆ రెండు వీడియోలూ మూడుసార్లు చూసింది. "నిద్ర లేచాక ఎంతసేపు బాగుంటుంది?" అని అడిగింది.

"పదకొండు దాకా బాగానే ఉంటుందండి."

"మధ్యాహ్నం కాసేపు పడుకుంటే?"

"మళ్లీ గంట బాగుంటుంది."

ఆవిడ నా వేళ్లు టపటపా కొట్టమంది, చెయ్యి తిప్పమంది, కాగితం మీద రాయమంది. తర్వాత ఒక మాత్రలో సగం ఇచ్చి, "ఇది వేసుకుని బయట వరండాలో కూర్చోండి. గంటలో మళ్లీ చూస్తాను" అంది. మధ్యాహ్నం మూడు దాటింది. నా పాదం అప్పటికే పూర్తిగా లోపలికి తిరిగి ఉంది. కూర్చున్నాం. నలభై నిమిషాలకి బొటనవేలు వదులైంది. నేను మా ఆయనకి చెప్పలేదు, చెప్తే పోతుందేమోనని భయం. ఇంకాసేపటికి పాదం నేల మీద చదునుగా ఆనింది. లేచి వరండా చివరిదాకా నడిచాను. తిరిగి వచ్చాను. మెట్లు దిగి, మళ్లీ ఎక్కాను. ఐదేళ్ల తర్వాత సాయంత్రం నాలుగింటికి ఏదీ పట్టుకోకుండా నడిచాను. మా ఆయన కుర్చీలోనే కూర్చుని జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. పార్కిన్సన్స్. ముసలివాళ్లకి వచ్చేది కదా అన్నాను. అరుదుగా చిన్న వయసులోనూ వస్తుందనీ, నాలాంటివాళ్లకి చాలామటుకు మెల్లగా ముదురుతుందనీ, మందు బాగా పనిచేస్తుందనీ చెప్పింది. నయమవుతుందని మాత్రం అనలేదు. అప్పుడు అడిగింది. "మీ అమ్మా నాన్నా దగ్గర బంధువులా?"

"మేనమామ, మేనకోడలు" అన్నాను. మా అమ్మమ్మకి సొంత తమ్ముడే మా నాన్న. అమ్మమ్మ తన కూతుర్ని తన తమ్ముడికిచ్చి చేసింది. మా వైపు అదేమీ వింత కాదు.

"జన్యు పరీక్ష చేయిద్దాం" అంది ఆవిడ.

రక్తం హైదరాబాదు వెళ్లింది. రిపోర్టు వచ్చాక, ఆ క్లినిక్‌కి నెలకోసారి వచ్చే కౌన్సెలర్ అమ్మాయి ఇంట్లోవాళ్లని కూడా తీసుకురమ్మంది. అమ్మ, నాన్న, తమ్ముడు, మా ఆయన, నేను, ఐదుగురం ఆవిడ బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చున్నాం. ఆవిడ మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టింది. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి గుండ్రం. నాన్న దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది. ఆయన్ని అమ్మమ్మ పక్కన తమ్ముడిగా గీసింది. మళ్లీ కింద వరసలో అమ్మ పక్కన భర్తగా కావాలి. చివరికి రెండు గీతలు వంపు తిప్పి కలిపింది.

పార్కిన్ అనేది ఒక జన్యువు. కణంలో పాడైపోయిన ప్రోటీన్లు, కణానికి శక్తినిచ్చే భాగాల్లో చెడిపోయినవి ఎప్పటికప్పుడు తొలగించాలి కదా. అలాంటివాటిని పట్టుకుని వాటిమీద చిన్న గుర్తు అంటించే ప్రోటీన్‌ని ఈ జన్యువు తయారు చేయిస్తుంది. గుర్తు పడినవాటిని కణం ముక్కలు చేసి పారేస్తుంది. నాకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన ఆ జన్యువు రెండు కాపీల్లోనూ ఒకేచోట ఒక ముక్క పోయింది. అందుకని గుర్తు పడటంలేదు. పాడైన సరుకు పేరుకుంటుంది. మెదడులో కదలికలు చూసే కణాలు దాన్ని తట్టుకోలేక ముందుగా చచ్చిపోతాయి. కౌన్సెలర్ ఇదంతా ఓపిగ్గా చెప్పింది.

నాన్న చాలాసేపు విన్నాడు. "అంటే సరుకంతా ఉంది, యంత్రం కూడా ఉంది. అచ్చు వేసేవాడే పనిలోకి రాలేదు. అంతేనా అమ్మా?" అన్నాడు.

"అంతేనండీ. చాలా బాగా చెప్పారు" అందావిడ.

నాన్న మొహంలో ఒక్క క్షణం పాఠం అప్పజెప్పిన పిల్లాడి సంతోషం కనిపించింది. తర్వాత తనేం అర్థం చేసుకున్నాడో అర్థమై తల వంచుకున్నాడు.

ఆవిడ కాగితం మీద నాలుగు గళ్లు గీసింది. అమ్మ దగ్గర ఒక మంచి కాపీ, ఒక చెడ్డ కాపీ. నాన్న దగ్గరా అంతే. ఏటా పదో తరగతి పిల్లలకి బఠాణీ మొక్కల పాఠంలో నేను గీసే గళ్లే అవి. పొడుగు మొక్క, పొట్టి మొక్క. నాలుగో గడిలో పొట్టి మొక్క అని సుద్దముక్కతో కొట్టి చెప్పేదాన్ని. ఇన్నేళ్లూ ఆ గడిలో నేనే ఉన్నాను.

నా కూతురికి నానుంచి ఒక చెడ్డ కాపీ తప్పకుండా వచ్చి ఉంటుంది కానీ మా ఆయన బయటి సంబంధం కాబట్టి జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ అంది కౌన్సెలర్. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. తమ్ముడికి అప్పటికి ఇరవై ఏడేళ్లు. నాలాగే రెండూ పోయి ఉండటానికి నాలుగింట ఒక వంతు అవకాశం. కావాలంటే పరీక్ష చేయించుకోవచ్చు, వద్దనుకుంటే మానేయవచ్చు, బలవంతం లేదు అంది. తమ్ముడు బల్ల మీద పెట్టిన చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సు ఎక్కాం. పామిడిముక్కల దాటాక కిటికీ పక్కన కూర్చున్న అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నేనే ఇచ్చానా నీకిది?"

"నువ్విచ్చావు, నాన్నా ఇచ్చాడు. మీకు మాత్రం తెలుసా?"

"నాకు పదహారేళ్లప్పుడు చేశారే. మా అమ్మ తమ్ముణ్ణి వదులుకోలేక నన్నిచ్చింది. నన్నెవరూ అడగలేదు." ముందు సీట్లో ఉన్న నాన్న వంక చూసి, "అడిగినా ఈయన్నే చేసుకునేదాన్నిలే. మంచివాడు" అంది.

పాము సంగతి ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. దానికి బదులు నాకు బలం పెట్టడం మొదలుపెట్టింది. శని, ఆదివారాలు పెడన వెళ్తే మధ్యాహ్నం మాత్ర వేసుకునే వేళకి రెండు కోడిగుడ్లు, చేపల పులుసు, గిన్నెడు పప్పు. అవి తిన్నరోజు మాత్ర సరిగ్గా పనిచేసేది కాదు. డాక్టరమ్మని అడిగితే, మాంసకృత్తులున్న తిండితో కలిపి వేసుకుంటే మందు ఒంటికి అందదు, అరగంట ముందే వేసుకోండి అంది. ఆ మాట అమ్మకి చెప్పడానికి నాకు నెల పట్టింది. చెప్పాక ఆవిడ గడియారం చూసి అరగంట ఆగి కంచం పెట్టేది. ఆ అరగంటా కంచం మీద మూతపెట్టి నా ఎదురుగా కూర్చునేది.

అసలు చిక్కు తమ్ముడి పెళ్లి దగ్గర వచ్చింది.

అమ్మ సొంత తమ్ముడు, అంటే మా మావయ్య, దివిసీమలో అవనిగడ్డ దగ్గర ఉంటాడు. ఆయన కూతుర్ని మా తమ్ముడికిచ్చి చేయాలని ఆ పిల్ల పుట్టినప్పుడే అనుకున్నారు. ఊరికే పెద్దవాళ్ల మాట కాదు, వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. మా మరదలు అవనిగడ్డలో ఒక ల్యాబులో టెక్నీషియన్. చాలా చలాకీ పిల్ల. వాళ్లింట్లో మా నాన్నని "తాతయ్య" అంటుంది, మా ఇంటికొస్తే "మావయ్య" అంటుంది. రెండు వరసలూ నిజమే. శ్రావణంలో పెళ్లనుకున్నారు.

రిపోర్టు వచ్చిన పదిహేను రోజులకి అమ్మ ఫోను చేసి మావయ్యతో పెళ్లి వద్దంది. నేను అప్పుడు ఆవిడ పక్కనే ఉన్నాను. ఫోనులోంచి మావయ్య గొంతు గది మొత్తానికీ వినిపించింది.

"మా పిల్లకేం లోపమక్కా? ఇన్నేళ్లు ఆశపెట్టి ఇప్పుడు కాదంటావా?"

"లోపం మీ పిల్లకి కాదురా. మన రక్తానికి" అంది అమ్మ. "ఒకసారి తెలియక చేశాం. తెలిసి నా చేత్తో మళ్లీ చేయను."

మావయ్య ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత రెండు నెలలు అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు. అమ్మ ఫోను దగ్గరే కూర్చునేది కానీ చేసేది కాదు.

తమ్ముణ్ణి పరీక్షకి ఒప్పించమని అమ్మ నాకు చెప్పింది. ఒక ఆదివారం వాడు పని చేసుకునే పాకలోకి వెళ్లాను. టేకు ముక్క మీద లత చెక్కుతున్నాడు. సన్నటి ఉలి, దానిమీద చిన్న దెబ్బలు. ఆకు ఈనె వెంట్రుకవాసి పక్కకిపోతే అచ్చంతా వృథా. నేను చెప్పిందంతా విన్నాడు, చెయ్యి ఆపకుండా.

"చేయించుకోనక్కా."

"ఎందుకురా? లేదని తేలితే హాయిగా ఉంటావు కదా."

"ఉందని తేలితే? ఆ రోజునుంచే నా చేతులు వణుకుతాయి. జబ్బు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. భయం మాత్రం అప్పుడే వచ్చేస్తుంది." ఉలి పక్కన పెట్టాడు. "నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. దీన్ని ముందే చంపుకోమంటావా?"

"మరి మరదలు?" అని అడిగాను.

"అదే తెలియటంలేదు" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు నిండాయి. చిన్నప్పుడు కాలవలో పడి తేలినప్పుడు కూడా ఏడవనివాడు.

అది జరిగిన వారానికి, మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టాక, స్కూలు గేటు దగ్గర మరదలు నిలబడి ఉంది. అవనిగడ్డ నుంచి బస్సులు మారి వచ్చిందట. నేను స్టాఫ్ రూముకి తీసుకెళ్తానంటే వద్దంది. సైకిల్ షెడ్డు నీడలో నిలబడ్డాం.

"వదినా, నీ రిపోర్టు కాపీ నాకిస్తావా?"

"ఎందుకు?"

"నీకు ఏ ముక్క పోయిందో అందులో ఉంటుంది. నాకు ఆ ముక్క ఉందో లేదో చూపించుకుంటాను. మా ల్యాబులో ఈ టెస్ట్ చేయరు కానీ ఎక్కడికి పంపాలో కనుక్కున్నాను."

"తమ్ముడు చేయించుకోనంటున్నాడు కదా?"

"బావ చేయించుకోనక్కర్లేదు." ఆ పిల్ల దుపట్టా అంచు చుట్టుకుంటూ, విప్పుకుంటూ మాట్లాడింది. గొంతు మాత్రం స్థిరంగా ఉంది. "పిల్లలకి రావాలంటే ఇద్దరి దగ్గర్నుంచీ చెడ్డది రావాలి. నా రెండూ మంచివైతే బావకి ఒకటి పోయినా, రెండూ పోయినా పిల్లలకి ఈ జబ్బు రాదు. అవునా కాదా?"

నేను తలూపాను. ఏటా ఈ పాఠం చెప్పే నాకు ఇన్నాళ్లూ తట్టలేదు ఆ సంగతి. అందరం తమ్ముడి చుట్టూనే తిరుగుతున్నాం.

"అది పిల్లల సంగతి. బావకే వస్తే?" అని అడిగాను. అడగడం నా బాధ్యత అనుకున్నాను. "నన్ను చూస్తున్నావు కదా. మాత్రల మధ్య బతుకు. ఒక్కోసారి మందు ఎక్కువై ఒళ్లంతా మెలికలు తిరుగుతుంది. ఒక్కోసారి చాలక బొత్తాం పెట్టుకోలేను. నీకిప్పుడు ఇరవై మూడేళ్లు."

"నిన్ను చూసే వచ్చాను వదినా" అంది. "అన్నయ్య నిన్నెలా చూసుకుంటున్నాడో కూడా చూశాను."

అప్పుడు నా పాదం తిరగడం మొదలైంది. మాట్లాడుతూ మాత్ర వేళ దాటించేశాను. తను చూసి, వంగి నా చెప్పు సరిచేసింది. గేటు దగ్గర పిల్లలు చూస్తున్నారు. స్టాఫ్ రూము దాకా నన్ను పట్టుకుని నడిపించింది.

ఆ రోజు వరండాలో హెడ్‌మాస్టరుగారు ఎదురొచ్చారు. మరదలు మొహమాటం లేకుండా ఆయనకి జబ్బు గురించి రెండు నిమిషాల్లో చెప్పేసింది, ల్యాబులో పేషెంట్లకి చెప్పినట్టు. నేను ఇన్నాళ్లూ స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేనేవో మాటలన్నానమ్మా" అన్నారు నాతో. మర్నాటినుంచి నా పీరియడ్లన్నీ పొద్దున్నకి, కింద గదుల్లోకి మారాయి.

పరీక్షకి ముందు మరదల్ని ఆ కౌన్సెలర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. మావయ్యకి చెప్పకుండా రానన్నాను, చెప్పే వచ్చింది. కౌన్సెలర్ అన్నీ విడమర్చింది. మావయ్యకి ఆ చెడ్డ కాపీ ఉండటానికి సగం అవకాశం, మరదలికి అందులో సగం. లేదని తేలితే ఈ ఒక్క జన్యువు విషయంలో నిశ్చింత. "అయితే మేనరికంలో మనకి పేరు కూడా తెలియని వేరే జన్యువులు కలిసే ప్రమాదం ఉంటుంది. వాటికి నేను హామీ ఇవ్వలేను. అది కూడా తెలుసుకునే నిర్ణయం తీసుకోండి" అంది. మరదలు ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుంది.

మూడు వారాలు ఆగాం. ఆ మూడు వారాలూ తమ్ముడికి తెలియదు. చెప్పొద్దని తను ఒట్టు పెట్టించుకుంది. తనకీ చెడ్డ కాపీ ఉందని వస్తే తనే వచ్చి పెళ్లి వద్దని చెప్పాలనుకుందట, తప్పు బావది కాకుండా. ఆ సంగతి నాకు విజయవాడ బస్టాండులో, రిపోర్టు తెచ్చుకోవడానికి వెళ్తుండగా చెప్పింది. అంతవరకూ అరటిపండు తింటూ మామూలుగా ఉన్న పిల్ల, ఆ మాట అనేసరికి తొక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాకు పోయిన ఆ ముక్క తనకి రెండు కాపీల్లోనూ ఉంది. మరదలికి ఏ లోపమూ లేదు.

సంతోషం ఒక్కసారిగా రాలేదు. కౌన్సెలర్ రెండోసారి చెప్పాక తను నా భుజం మీద తలపెట్టి గట్టిగా ఊపిరి వదిలింది. నాకు మాత్రం లోపల్లోపల చిన్న అసూయ కలిగింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం. ఒకే కుటుంబం, ఒకే రక్తం. ఆ పిల్లకి మంచి గడి దొరికింది. ఆ అసూయ బస్సు పెడన చేరేదాకా నాతోనే కూర్చుంది.

పెడనలో అమ్మకీ నాన్నకీ కాగితం చూపించి చెప్పాం. అమ్మ మూడుసార్లు అడిగింది. "పిల్లలకి రాదా? ఒట్టేనా? రాదా?" తర్వాత లోపలికెళ్లి మావయ్యకి ఫోను చేసింది. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. ఇద్దరూ ఏడ్చారని మాత్రం తెలుసు.

మరదలు పాకలోకి వెళ్లింది. నేను గుమ్మం దగ్గరే ఆగాను కానీ మాటలు వినిపించాయి.

"బావా, నా టెస్ట్ వచ్చింది. నాకు లేదు. నీది నువ్వు చేయించుకోనక్కర్లేదు."

తమ్ముడి ఉలి చప్పుడు ఆగింది. తర్వాత అన్నాడు. "నాకే వస్తే?"

"వస్తే చూద్దాం. అత్తయ్య వాళ్లలాగా పాము మీద పెట్టం కదా, మొదటి రోజే డాక్టరు దగ్గరికెళ్తాం."

"నీకు జాలి కాదు కదా?"

"జాలైతే అవనిగడ్డ నుంచి ఫోను చేసేదాన్ని. ఇంత దూరం వచ్చేదాన్ని కాదు."

తమ్ముడు నవ్వాడు. నేను అక్కడినుంచి వచ్చేశాను.

శ్రావణంలో అనుకున్న పెళ్లి మాఘంలో జరిగింది, మావయ్య వాళ్లింటి ముందు పందిట్లో. తలంబ్రాల వేళకి నా మాత్ర బాగా పనిచేస్తూ ఉంది. అక్షింతలు వేయడానికి మంచి ఊపుగా చెయ్యెత్తాను. మందు కాస్త ఎక్కువై ఆ చెయ్యి ఆగకుండా ఊగుతూనే ఉండటంతో అక్షింతలు పురోహితుడి తల మీద కూడా పడ్డాయి. ఆయన నాకేసి అదోలా చూశాడు. మా ఆయన పక్కనుంచి నా చెయ్యి మెల్లగా పట్టుకుని దించాడు. అమ్మ, మావయ్య పక్కపక్కన నిలబడి ఉన్నారు. రెండు నెలలు మాట్లాడుకోని మనుషులని చూస్తే ఎవరికీ తెలియదు.

వాళ్లకిప్పుడు నాలుగేళ్ల పాప. ఆరోగ్యంగా ఉంది. తమ్ముడు ఇప్పటికీ పరీక్ష చేయించుకోలేదు. వాడికిప్పుడు ముప్పై మూడు. నాకు జబ్బు మొదలైన వయసు ఎప్పుడో దాటాడు. అది కొంత ధైర్యం, పూర్తి ధైర్యం కాదు. కొందరికి నలభైలో కూడా మొదలవుతుందట. నాకు మాత్రల సంఖ్య పెరిగింది, మధ్యలో ఖాళీ తగ్గింది. ఉద్యోగం చేస్తున్నాను. నల్లబల్ల మీద రాయడం తగ్గించి, పిల్లల్లో చేతిరాత బాగున్నవాళ్ల చేత రాయిస్తున్నాను.

పోయిన వేసవి సెలవుల్లో పెడన వెళ్లాను. తమ్ముడు అచ్చులు ఒక పాక నుంచి ఇంకో పాకకి మోస్తున్నాడు. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. నాకు తెలియకుండానే వాడి ఎడమ పాదం వెంట నా కళ్లు వెళ్తున్నాయి. వేళ్లు పైకి లేస్తున్నాయా, మడమ సరిగ్గా ఆనుతోందా, సాయంత్రానికి అడుగు చిన్నదవుతోందా. వెళ్లినప్పుడల్లా చేసే పనే అది. ఆరేళ్లుగా చేస్తున్నాను.

వాడు ఆగాడు. చేతిలోని అచ్చులు కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నువ్వొచ్చినప్పుడల్లా నా కాళ్లు చూస్తావు. అమ్మ చేతులు చూస్తుంది. ఇంట్లో నా మొహం చూసేది మా ఆవిడొక్కతే."

"అలవాటైపోయిందిరా. భయం."

"నాకు మాత్రం లేదా? ఏదైనా తేడా వస్తే మొదట నీకే చెప్తాను. ఒట్టు. అందాకా మొహం చూసి మాట్లాడు."

సరేనన్నాను. ఇద్దరం పాప బడి గురించి, దానికి పెడన బడి మేలా బందరు బడి మేలా అన్న దాని గురించి చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. వాడికి కణతల దగ్గర నెరిసింది. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు ఉంది, ఉలి జారినప్పుడు అయిందట, మూడేళ్లయిందట. నేనది అంతవరకూ చూడనే లేదు.